రక్తం ఇచ్చినామెకు జవాబేదీ?

ఇంటర్ బైపీసీ అయ్యాక మా అమ్మాయి ప్రజారోగ్యంలో డిగ్రీ చేస్తానంది. మాది కవిటి మండలం. ఉద్దానంలో పుట్టి డాక్టరు కాకుండా ఈ లెక్కల చదువేమిటని కోప్పడ్డాను. "డయాలసిస్ చేసేవాళ్లు కావాలి, సరే. అసలీ కిడ్నీ జబ్బు మనకే ఎందుకొస్తోందో వెతికేవాళ్లు వద్దా అమ్మా?" అంది.

నిజమే. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధనా కేంద్రం, ఆసుపత్రి తెరిచారు. అయినా నీళ్లా, ఎండలో పనా, పురుగుమందులా, వంశపారంపర్యమా, కారణం ఇప్పటికీ నిర్ధారణగా తేలలేదు. శ్రీలంక వరి రైతుల్లో, మధ్య అమెరికా చెరకు కూలీల్లో కూడా ఇలాంటి జబ్బే ఉంది.

కానీ పక్కింటి అత్త మాట నన్ను వదలదు. "రగతం నాలుగుసార్లు పట్టుకెళ్లినారు. ఏటి తేలిందో ఒక్కరూ సెప్పనేదు." ఆమె జీడిపిక్కలు ఒలుస్తూనే భర్తను డయాలసిస్‌కి తిప్పుతోంది. పనిచోట మరుగు లేక పగలంతా నీళ్లు తాగదు. ఆ సంగతి ఏ ఫారంలో రాసుకున్నారు?

తెలుసుకోవడం మంచిదే. తెలుసుకునే హక్కు మొదట ఎవరిది? రక్తం ఇచ్చిన మనిషిది కాదా? అమ్మాయికి సరేనన్నాను, ఒక్క షరతు మీద. ఏ గడపలో రక్తం తీసుకుంటే ఆ గడపకే తిరిగొచ్చి, ఆమె భాషలో ఫలితం చెప్పాలి. తేలకపోతే, తేలలేదనైనా చెప్పాలి.