పగడానికి చోటిచ్చే ముందు

నాయనా, నీవున్న దేశంలో గోనియోపొరా పగడం అంగళ్లలో దొరుకుతుందనీ, ఇంటి ఉప్పునీటి తొట్టిలో దాన్ని నిలుపుకోవాలని మనసైందనీ రాశావు. కోరిక తప్పు కాదు. రాతి మొదలు మీద వందల పువ్వులు ఊగుతున్నట్టుండే ఆ రూపం ఎవరినైనా నిలవేస్తుంది. అయితే అవి పువ్వులు కావు, ఆకలిగొన్న నోళ్లు. ఒక్కొక్క నోటి చుట్టూ 24 స్పర్శకాలు చాచి, ప్రవాహం తెచ్చే మేతకై అవి ఎదురుచూస్తుంటాయి.

ఈ ప్రాణి తొట్టిలో వెంటనే చావదు. భయపడవలసింది అందుకే. కొన్ని నెలలు నిండుగా విచ్చుకొని, నీకు ధైర్యమిచ్చి, లోలోపల కృశిస్తుంది. దాని ఒంటిలో కాపురముండే శైవలాలు వెలుతురుతో తిండి వండిపెడతాయి. ఆ తిండి ఒక్కటే దానికి చాలదు, నీటిలో తేలే సూక్ష్మజీవులు కూడా కావాలి. దీపముంటే చాలుననుకొని ఎందరో దాన్ని పస్తులుంచి పోగొట్టుకున్నారు. స్పర్శకాలు పొట్టివై, అంచున కండ వెనక్కి జరిగి, తెల్లని అస్థి బయటపడేదాకా వారికి తెలియలేదు. అది అరవలేదు, నిన్ను పిలవలేదు. కనుక ప్రతిదినమూ నీవే వెళ్లి చూడాలి, నీవే మేత అందించాలి.

ఇక నీటి సంగతి. వేడి 25, 26 డిగ్రీలు, ఉప్పు లీటరుకు 35 గ్రాములు, కాల్షియం 400 నుంచి 450 మిల్లీగ్రాములు. ఈ అంకెలను ఒకనాడు అందుకోవడం ఎవరికైనా సాధ్యమే. ఏడాది పొడుగునా అక్కడే నిలపడం తపస్సు. నీరు ఆవిరైనా ఉప్పు పోదు, కనుక తరిగినంత శుద్ధిచేసిన మంచినీరే పోయి. నీటి క్షారగుణం (ఆల్కలినిటీ) తగ్గిందని ఒక్క రాత్రిలో పెంచబోకు. కొద్దిపాటి మార్పుకే పగడం దెబ్బతింటుంది. 1998లో సముద్రం మామూలుకన్న కొద్దిగా ఎక్కువ వేడెక్కి వారాలపాటు చల్లారకపోతే, లక్షద్వీప్ పగడపు దిబ్బలే తెల్లబోయాయి. నీ తొట్టి చెంబెడు నీరు.

ఇక్కడ మన దేశంలో రాతి పగడాలన్నిటికీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్ష ఉంది. ఇంట పెంచడానికి కొనడం నేరం. అక్కడ నిషేధం లేదని దిబ్బనుంచి విరిచి తెచ్చినదాన్ని కొనవలదు. మరొకరి తొట్టిలో పెరిగిన ముక్కనే అడుగు. అదీ ఇప్పుడే కాదు. ముందు ఏడాదిపాటు ఆ నీటిని నిలకడగా ఉంచి చూపు. నీవు ఊరు వెళ్లిన రోజుల్లో మేత పెట్టేవారెవరో ఈలోగా నిర్ణయించి, వారికి ఆ పని నేర్పు.