పమిట మాటున

బట్టల మాటున ఏదైనా దాచుకోవడం తప్పంటారా? తప్పే అయితే మన ఆడవాళ్ళలో నేరం చెయ్యనివాళ్ళు దొరకరు. కొంగుముడిలో చిల్లర, రవికలో బుల్లి పర్సు, బొడ్లో తాళాలగుత్తి... ఎన్ని తరాల నుంచో ఇవే మన బాంకులు! "మొగుడికి సెప్పని పది రూపాయలు లేకపోతే ఆ ఇల్లేటి ఇల్లు?" అనేది మా కవిటిలో ఒక పెద్దావిడ.

ఇప్పుడు విమానాశ్రయాల్లో ఈ దాపరికాలన్నీ పట్టే యంత్రం వచ్చింది. గాజుగది లాంటి దాన్లో చేతులెత్తి నిలబడితే కొద్ది సెకన్లలో పనైపోతుంది. ఇది ఎక్స్‌రే కాదు. మిల్లీమీటరు తరంగాలట, అంటే అల పొడవు ఒకటి నుంచి పది మిల్లీమీటర్లు. బట్టలోంచి సులువుగా దూరతాయి, తడి ఉన్న చర్మానికి తగిలి వెనక్కి మళ్ళుతాయి. మధ్యలో ఇనుమున్నా, ప్లాస్టిక్కున్నా, మడతపెట్టిన కాగితమున్నా తెలిసిపోతుంది. ఇలాంటి తరంగాలతోనే 1895లో కలకత్తాలో జగదీశ్ చంద్ర బోసు దూరాన ఉన్న గంట మోగించి చూపించాడు. ఆ మహానుభావుడు మన పమిటల సంగతి ఊహించి ఉండడు లెండి.

2009 డిసెంబరు 25న డెట్రాయిట్ వెళ్ళే విమానంలో ఒకడు లోదుస్తుల్లో పేలుడు మందు దాచి తెచ్చాడు. అది సరిగా పేలక, తోటి ప్రయాణీకులు మీద పడబట్టి అంతా బతికిపోయారు. అటుపైన అమెరికాలో ఈ యంత్రాలు జోరందుకున్నాయి. కాబట్టి సోదాలే వద్దని నేననను. పిల్లల్ని చూడ్డానికి అంతదూరం పోయేవాళ్ళం, క్షేమంగా దిగాలనే కదా!

మొదట్లో ఎక్కడో గదిలో కూచున్న ఉద్యోగికి ఒంటి ఆకారం కనబడేది. జనం గోలపెట్టారు. 2013 నాటికి అక్కడ ఆ బొమ్మలు పోయి, పిల్లలు పలకమీద గీసే మనిషి లాంటి బొమ్మ ఒక్కటే అందరికీ మిగిలింది. అనుమానమున్న చోట మాత్రం పసుపుపచ్చ గడి పడుతుంది. సిగ్గు సమస్య తీరిందన్నారు. నాకేమో సగమే తీరిందనిపిస్తుంది. ఒళ్ళు కనబడుతుందనే కప్పుకుంటామా మనం?

మా ఉద్దానం సంగతే తీసుకోండి. కొబ్బరికీ జీడికీ ఎంత పేరో, కిడ్నీ జబ్బుకీ అంత పేరు. డయాలసిస్ కోసం మెడ పక్కనో, ఎదమీదో గొట్టం పెట్టించుకున్న ఆడవాళ్ళు నిండుగా పమిట కప్పుకుని పెళ్ళిళ్ళకొస్తారు, వంటల దగ్గర కూచుని కబుర్లాడతారు. అందరికీ తెలుసు, ఎవరూ అడగరు. రొమ్ము కాన్సరు ఆపరేషనయ్యాక రవికలో మెత్త పెట్టుకునేవాళ్ళనీ అంతే, తెలిసినా అడగం. అలాంటామె ఏ విమానమో ఎక్కాల్సొస్తే? గొట్టానికీ, మెత్తకీ, పిస్తోలుకీ యంత్రం వేసేది ఒకటే గడి. అది పడ్డ క్షణాన వెనకున్న వరసంతా అటే చూస్తుంది. ఏ పాపం ఎరగని మనిషి సంజాయిషీ చెప్పుకోవాలి, అదీ రాని భాషలో.

పోనీ, యంత్రం లేనిచోట నయమా అంటే అక్కడ చేతులున్నాయి. 2010 డిసెంబరులో మన రాయబారి మీరా శంకర్‌నే మిసిసిపీలో ఒక విమానాశ్రయంలో పక్కకి పిలిచి తడిమి చూశారు. చీరకట్టు చూసే ఆవిణ్ణి వేరుచేశారని మనదేశంలో పెద్ద గొడవైంది. యంత్రం అలా ఏరుకోదు. దానికి రాయబారీ ఒకటే, రైతు పెళ్ళామూ ఒకటే. ఆ మేరకి అదే మేలు. కానీ గడి పడ్డాక వచ్చేది మళ్ళీ మనిషే!

ఈ యంత్రం గురించి చెబితే మా పక్కింటి పిన్ని ఒకటే అడిగింది. "సూత్తే సూసింది గానీ, సూసింది ఎవులితో సెప్తాదమ్మా?"

ఇంత సూటి ప్రశ్న నాకు తట్టలేదు. డాక్టరు చూస్తాడు, మంత్రసాని చూస్తుంది, నలుగురిలో అనరు. చూడక తప్పనివాళ్ళకి చూసే హక్కు ఉండొచ్చు. బయటపెట్టే హక్కు కూడా దాంతోపాటే వచ్చేసిందని ఎలా అనుకుంటారో నాకర్థం కాదు.

మన విమానాశ్రయాల్లో ఆడవాళ్ళని తెరచాటున ఆడవాళ్ళే తనిఖీ చేస్తారు. అమెరికాలోనూ విడి గదిలో, ఆడ ఉద్యోగి చేత, మన తోడు మనిషిని పక్కన పెట్టుకుని చేయించుకోవచ్చు. కాకపోతే అడగాలి. ఆవకాయ సీసా పెట్టెలో ఎలా సర్దాలో గంటసేపు ఫోనులో చెప్పే పిల్లలు, అడగాల్సిన ఆ ఒక్క ఇంగ్లీషు వాక్యం కూడా అమ్మకి నేర్పెయ్యొచ్చు.