తెలిసిన లోపం - మధ్యవర్తి బాధ్యత

‘అమ్మింది యజమాని. కొన్నవాడు చూసుకొనే కొన్నాడు. మధ్యన నాదేముంది?’ ఇళ్లు, ప్లాట్లు ఇప్పించే మధ్యవర్తుల నోట ఈ మాట తరచూ వింటుంటాం. అయిదు పూటలా నమాజు చేసేవారు కూడా ఈ మాట అంటుంటారు. కనుక ధర్మం వెలుగులో ఇది ఎంతవరకు నిలుస్తుందో చూడవలసి ఉంది.

2016లో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు పెద్దవంగర మహబూబాబాద్ జిల్లాలో ఒక మండల కేంద్రమయింది. ఆఫీసులు వచ్చిన ఊళ్లో స్థలాలకు గిరాకీ రావడం, గిరాకీతోపాటు మధ్యవర్తులు రావడం మామూలే. పట్నంలోనైతే కొనేముందు ఇంజినీరుకు చూపించుకునేవారు ఉంటారు. ఇక్కడ తెలిసిన మేస్త్రీ వచ్చి గోడ తట్టి చూస్తాడు, అంతే. ఎండాకాలంలో చూసిన స్లాబు వానాకాలంలో కురుస్తుందో లేదో అతను మాత్రం ఏం చెప్పగలడు? వానల్లో నిండుగా పోసే బోరు ఏప్రిల్‌లో ఎండిపోతుందని కొనవచ్చినవానికి ఎలా తెలుస్తుంది? అది ఇరుగుపొరుగుకు తెలుసు. అదే ఇంటిని పదిమందికి చూపించిన మధ్యవర్తికీ తెలుసు. పగుళ్ల మీద కొత్త రంగు ఎప్పుడు పడిందో కూడా అతనికి తెలుసు.

మధ్యవర్తిత్వం తప్పుడు పని కాదు. దళారి ప్రతిఫలం తీసుకోవడంలో దోషం లేదని ఇబ్నె సీరీన్, అతా, హసన్ (రహ్మ) వంటి పెద్దలు భావించినట్లు ఇమామ్ బుఖారీ (రహ్మ) పేర్కొన్నారు. తడిసిన ధాన్యాన్ని కుప్ప అడుగున ఉంచిన వర్తకుని ఉదంతం మనందరం విన్నదే. అయితే అతను సరుకు యజమాని. మధ్యవర్తికి సూటిగా వర్తించేది హజ్రత్ వాసిలా బిన్ అస్ఖా (ర) ఉదంతం. ముస్నద్ అహ్మద్‌లో ఉంది. ఒకతను ఆడ ఒంటెను కొని తోలుకుపోతుంటే వాసిలా (ర) పైవస్త్రం నేల మీద ఈడ్చుకుంటూ వెనకాలే వచ్చారు. దీనిలో ఉన్నదేమిటో నీకు చెప్పారా అని అడిగారు. బలంగా, ఆరోగ్యంగా కనబడుతోంది కదా అన్నాడతను. మాంసానికా, ప్రయాణానికా అని అడిగితే, హజ్‌కు వెళ్లడానికి అన్నాడు. దాని పాదానికి రంధ్రం ఉందని వాసిలా (ర) చెప్పేశారు. నా బేరం చెడగొడుతున్నారేమిటని యజమాని నొచ్చుకున్నాడు. అప్పుడాయన దైవప్రవక్త (స) నుండి తాను విన్నది వినిపించారు: వస్తువులోని లోపం చెప్పకుండా అమ్మడం ఎవరికీ ధర్మసమ్మతం కాదు, ఆ లోపం తెలిసినవాడు దాన్ని తెలియజేయకుండా ఉండటమూ ధర్మసమ్మతం కాదు.

గమనించండి, ఆ బేరంలో వాసిలా (ర)కు పైసా లేదు. ఇరువైపులా కమీషన్ తీసుకునేవాడు తనకేం సంబంధమని ఎలా అనగలడు?

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం, మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపాన్ని అమ్మేవాడు చెప్పి తీరాలి. 2016 నాటి రెరా చట్టం ఏజెంట్లు అబద్ధపు మాటలు చెప్పకూడదని నిర్దేశించింది. కాని అది ప్రధానంగా వెంచర్లు, అపార్ట్‌మెంట్లు వంటి ప్రాజెక్టుల కోసం వచ్చిన చట్టం. ఊళ్లోని పాత పెంకుటింటి బేరం దాని కిందికి రాదు. అక్కడ మధ్యవర్తికి, అల్లాహ్‌కు మధ్య వ్యవహారమే మిగులుతుంది.

మరి, తనకు తెలియని లోపానికి అతను బాధ్యుడా? కాదు. అతను జ్యోతిష్కుడు కాడు, మేస్త్రీ కూడా కాడు. అయితే తెలియనప్పుడు ‘ఇల్లు ఇనుములా ఉంది, నాదీ పూచీ’ అని ఒట్టు వేయకూడదు. ‘నాకు తెలియదు, చూపించుకో’ అనాలి. బయానా ఇచ్చిన తర్వాత లోపం తెలిసినా రిజిస్ట్రేషన్‌కు ముందే వెళ్లి చెప్పాలి. బేరం పోతే కమీషన్ పోతుంది. రిజిస్ట్రేషన్ కూడా అయిపోయి, లోపం దాచి తీసుకున్న డబ్బు జేబులో ఉంటే, వాసిలా (ర)లా కొన్నవాని ఇంటికి తానే నడిచి వెళ్లాలి.