మెతుకు పట్టి చూడటం

అన్నం వార్చేముందు మా అమ్మ గరిటెతో నాలుగు మెతుకులు పైకి తీసి, అందులో ఒకటి వేళ్ళ మధ్య పెట్టి నొక్కి చూసేది. "అన్నమంతా పట్టి చూడక్కర్లేదే, ఒక్క మెతుకు చాలు" అనేది. ఆ మాట మూటగట్టుకుని కాపురానికొచ్చాను. వచ్చిన వారంలోనే ఇంటికి చుట్టాలు దిగారు. పెద్ద గిన్నెతో అన్నం పెట్టాను. అంచున చేతికందిన మెతుకు పట్టి చూశాను. మెత్తగా ఉంది. వార్చేశాను. తీరా వడ్డించాక చూస్తే నడుమ ఉన్నదంతా పలుకే! మామగారు పాపం ఏమీ అనలేదు, మజ్జిగ కాస్త ఎక్కువ పోయించుకున్నారు. అత్తగారు మాత్రం వంటింట్లోకి పిలిచి ఒకే ఒక్క ప్రశ్న వేశారు. "మెతుకు ఎక్కణ్ణించి తీశావమ్మా?"

ఆ ప్రశ్న మళ్ళీ నాకు నలభై ఏళ్ళ తర్వాత ఎదురైంది. ఈసారి వంటింట్లో కాదు, సముద్రపు ఒడ్డున.

నేను సైన్సు టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. ఊరికే కూర్చోలేని స్వభావం కదా, కిందటి మాఘమాసంలో బాపట్ల వైపు ఒక శిక్షణ తరగతి పెడుతున్నారంటే పేరిచ్చాను. సముద్రతీరాన్ని కాపాడుకోవడం గురించి పిల్లలకీ పెద్దలకీ చెప్పేవాళ్ళకి, అసలు అలాంటి పని ఎలా తలపెట్టాలో, చేశాక అది పనికొచ్చిందో లేదో ఎలా తేల్చుకోవాలో నేర్పుతారట. "చెప్పడం నీకు కొత్తగా ఒకళ్ళు నేర్పాలా?" అని మావారు నవ్వారు. నాకూ లోపల అలాగే అనిపించింది. ఎంతైనా శాలువా కప్పించుకున్నదాన్ని!

ఆ శాలువా కథ కాస్త చెప్పాలి. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చింది. మన కోస్తాలోనూ వందమందికి పైగా పోయారు. అప్పట్లో ఎవరి నోట విన్నా ఒకటే మాట, ఒడ్డున చెట్లుంటే అల ఆగుతుందని. మరుసటి ఏడు వానలకి ఒక సేవాసంఘం వాళ్ళు రెండు లారీల సరుగుడు మొక్కలు తెప్పించారు. నేను మా బడిపిల్లల్ని వెంటేసుకెళ్ళి, ఒక పల్లెకారుల ఊరి దగ్గర ఇసుకలో అలల దాకా వరసలు తీర్చి నాటించాను. పిల్లలు బిందెలతో నీళ్ళు మోశారు. పేపర్లో ఫోటో పడింది. సభలో శాలువా కప్పారు. అది ఇప్పటికీ బీరువాలో ఉంది, కలరా ఉండలతో సహా.

శిక్షణ ఇచ్చే అమ్మాయికి మా పెద్దమ్మాయి వయసుంటుంది. మొదటి రోజు అందరికీ తలా ఒక పెద్ద కాగితం ఇచ్చి, "మీరు చేసిన మంచి పని ఒకటి రాయండి. పక్కన బాణం గీసి, దానివల్ల ఏం మారిందో రాయండి. మళ్ళీ బాణం గీసి, దాంతో తీరానికి ఏం ఒరిగిందో రాయండి. ప్రతి బాణం దగ్గరా ఆగి 'నిజమేనా? నాకెలా తెలుసు?' అని అడుక్కోండి" అంది. ఇంతేనా అనుకున్నాను. రాయబోతే తెలిసింది. బాణం గీయడం తేలికే, దాన్ని నిలబెట్టడం కష్టం.

మా పక్కన కూర్చున్న మాస్టారు ఒడ్డున ప్లాస్టిక్ ఏరించిన సంగతి రాశారు. ఇన్ని బస్తాలు పోగుచేశామని లెక్క కూడా ఉంది. "మరి ఆ రోజు పిల్లలకి టిఫినెలా పెట్టారండీ?" అని అడిగింది అమ్మాయి. "పొట్లాలు..." అని ఆయనే నాలిక కరుచుకున్నారు. ఇంకొకావిడ తాబేళ్ళ మీద వక్తృత్వపు పోటీ పెట్టారు. తాబేలు నీళ్ళలో ఉన్నా పైకొచ్చి ఊపిరి పీల్చుకోవలసిన ప్రాణి కదా, ట్రాలరు వలలో చిక్కి పైకి రాలేక చచ్చిపోతుంది. దాన్ని తప్పించడానికి వలకే ఒక తలుపులాంటి అమరిక ఉంది. మరి ఊళ్ళో పిల్లలు చక్కగా ఉపన్యాసం ఇస్తే సముద్రంలో ఉన్న ఆ వలకి తలుపెలా వస్తుంది? పోటీ తప్పు కాదు. బాణమే ఎక్కడో తెగింది.

"ప్రోగ్రాం అయ్యాక పిల్లల్ని అడిగితే అందరూ తాబేళ్ళని కాపాడాలనే చెప్పారండీ" అందావిడ. దానికి ఆ అమ్మాయి చెప్పిన జవాబు నాకు భలే నచ్చింది. "మీ బాబుకి ఏడాది పాటు టానిక్కు పట్టారు, రెండంగుళాలు పెరిగాడు. టానిక్కు గొప్పదే అనుకున్నారు. తాగని పక్కింటి పిల్లాడూ రెండంగుళాలు పెరిగాడేమో చూశారా?"

ఇది ఉత్త వేళాకోళం కాదు. సునామీ తర్వాత తమిళనాడులో పరంగిపేట దగ్గర 18 పల్లెల్ని చూసి, చెట్లున్న చోట ప్రాణనష్టం తగ్గిందని 2005లో కొందరు శాస్త్రజ్ఞులు రాశారు. మరుసటి ఏడే వేరేవాళ్ళు అవే అంకెలు తిరగేసి, ఆ పల్లెలు సముద్రానికి దూరంగా, మెరక మీద ఉండటమే అసలు కారణం కావచ్చు కదా అన్నారు. అలాగని చెట్లవల్ల ఏమీ లేదని కాదు. 1999 అక్టోబరులో ఒడిశాను ముంచిన పెనుతుపాను గురించి, కేంద్రపడా జిల్లాలో నాలుగు వందలకి పైగా పల్లెల లెక్కలు తీసి, దూరం, మెరక, ముందస్తు హెచ్చరిక లాంటివన్నీ విడదీసి చూశారు. అప్పటికీ సముద్రానికీ ఊరికీ మధ్య మడ అడవి వెడల్పుగా ఉన్నచోట చావులు తక్కువేనని 2009లో తేల్చారు. చూశారా, పట్టి చూస్తే నిజమైన మంచి పనికి విలువ తరగదు, గట్టిపడుతుంది.

ఇక నా వంతు వచ్చింది.

"మొక్కలు ఎన్ని బతికాయి మేడమ్?"

"చాలావరకూ బతికాయమ్మా! ఇప్పుడక్కడ పెద్ద తోపే అయింది" అన్నాను. నా గొంతులో గర్వం నాకే వినిపించింది.

"అంతకుముందు అక్కడేముండేదండీ?"

"ఏముంటుంది? వట్టి ఇసుక."

"వట్టి ఇసుకేనా?" అని మాత్రం అని, పక్కవాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయింది.

మర్నాడు తెల్లవారకముందే మమ్మల్ని ఒడ్డుకి తీసుకెళ్ళారు. ఎక్కడికనుకున్నారు? నా తోపు దగ్గరికే. ఇసుక మీద ట్రాక్టరు చక్రం దొర్లినట్టు వెడల్పాటి అచ్చొకటి, అలల దగ్గర మొదలై, నేను నాటించిన మొదటి వరస దాకా వచ్చింది. అక్కణ్ణించి వంపు తిరిగి మళ్ళీ నీళ్ళలోకి వెళ్ళిపోయింది. ఆలివ్ రిడ్లీ తాబేలు. రాత్రి గుడ్లు పెట్టడానికి పైకొచ్చి, చోటు కుదరక పెట్టకుండానే మళ్ళిపోయింది. ఏటా ఈ రోజుల్లో అవి మన ఒడ్డుకి వస్తాయి. ఇసుకలో గొయ్యి తీసి, నూరూ నూటిరవై గుడ్లు పెట్టి, పూడ్చి పోతాయి. ఏడెనిమిది వారాలకి పిల్లలు పుడతాయి. గూట్లో ఇసుక వేడిని బట్టి పుట్టేది ఆడో మగో తేలుతుంది. గూడు అలకందకుండా కాస్త పైన ఉండాలి, ఇసుక తెరిపిగా ఉండాలి. అలల దాకా చెట్లు నాటితే చెట్టుకీ నీటికీ మధ్య ఆ చోటే మిగలదు. వేళ్ళూ నీడా అడ్డం. కింద పెడితే పోటుకి గుడ్లు కొట్టుకుపోతాయి.

నేను వట్టి ఇసుక అన్నది ఒక పురిటిగది.

అక్కడే ఎండుచేపలు ఆరబెట్టుకుంటున్న ఒక ముసలావిడని అడిగాను, ఇదివరకు ఇక్కడికి తాబేళ్ళు బాగా వచ్చేవా అని. "వచ్చేయి టీచరమ్మా. మా అమ్మ దణ్ణం పెట్టుకునేది. కూర్మావతారం కాదా అది?" అంది. "మరి మేం మొక్కలు నాటుతుంటే చెప్పలేకపోయారా?" అన్నాను, ఉక్రోషం పట్టలేక.

"మమ్మల్నెవరడిగారమ్మా?" అంది.

ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేది, నేనూ ఎదురు ఏదైనా అందును.

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర నాలాంటి వయసావిడే ఒకావిడ నన్ను ఓదార్చింది. "ఫలం ఆశించకుండా కర్మ చేయమన్నాడు కృష్ణపరమాత్మ. మీరు మంచి మనసుతో చేశారు. లెక్కలెందుకండీ, పుణ్యం లెక్కపెట్టుకుంటే తరిగిపోతుంది." నిజానికి నేనూ జీవితమంతా అలాగే నమ్మాను. మీలోనూ చాలామంది నమ్ముతారు. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఫలం ఆశించవద్దన్నది ఎవరి ఫలం? నాకు రావలసినదాన్ని ఆశించవద్దన్నారు. ఎదుటివాళ్ళకి చేరవలసినదాన్ని పట్టించుకోవద్దని ఎవరన్నారు? బిడ్డకి మందు పోసిన తల్లి మెప్పు కోరదు, నిజమే. కానీ జ్వరం తగ్గిందో లేదో నుదురు పట్టి చూడకుండా పడుకుంటుందా? పైగా నేను చేసింది తిరగేసిన పని. శాలువా పుచ్చుకున్నాను, నుదురు మాత్రం చూడలేదు. నాకొచ్చే ఫలం ముట్టింది, తాబేలుకి చేరేదాని ఊసే మరిచాను.

అయితే లెక్కలోనూ ఒక మాయ ఉంది. లెక్కకి తేలిగ్గా దొరికేదాన్నే మనం పని అనుకుంటాం. మొక్కలు దొరుకుతాయి, బస్తాలు దొరుకుతాయి, హాజరైన పిల్లలు దొరుకుతారు. ఫిలిప్పీన్స్‌లో ఏళ్ళ తరబడి బోలెడు డబ్బు పోసి మడ మొక్కలు నాటారు. 2008లో వాటిని సమీక్షించినవాళ్ళు, బతికినవి నూటికి పదో ఇరవయ్యో అన్నారు. మడ సహజంగా పెరగని బురదనేలల్లో, నాటడం సులువని నాటడమే కారణం. మన గోదావరి మడల దగ్గర నడిచిన పని వేరు. మొక్క ఎందుకు చచ్చిపోతోందని ముందు అడిగారు. నీళ్ళు నిలిచి, నేల ఉప్పు తేలి చచ్చిపోతోందని తెలిసింది. చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి, పోటూపాటూ మళ్ళీ పారేట్టు చేశారు. అడగడంలోనే సగం పని ఉంది.

ఇంకో చిక్కు. ఇవాళ పుట్టిన తాబేలుపిల్ల ఎదిగి గుడ్లు పెట్టే వయసుకి రావడానికి పది పదిహేనేళ్ళు పడుతుంది. వెయ్యింటికి ఒక్కటి బతికితే గొప్పంటారు. బళ్ళో చెప్పిన పాఠం సంగతీ అంతే కదా! 1977 అక్టోబరులో జార్జియా దేశంలోని టిబిలీసీ నగరంలో దేశదేశాలవాళ్ళు కూడి, పర్యావరణ విద్య అంటే తెలియజెప్పడం ఒక్కటే కాదు, మనసు మారాలి, చేతికి పని రావాలి, నలుగురూ పాలు పంచుకోవాలి అని తీర్మానించారు. మరుసటి నెల 19న మన దివిసీమ మునిగి పదివేలమంది పోయారు. తీర్మానానికీ తీరానికీ మధ్య ఎంత దూరమో! అన్నిటి ఫలితమూ మన కళ్ళముందే తేలదు. కనక నిజాయితీగా లెక్క చెప్పడమంటే, ఇంతవరకు తెలుసు, ఇక్కణ్ణించి తెలియదు అని గీత గీసి చూపించడమే.

ఇప్పుడు మీరడుగుతారు, మరి ఆ చెట్లు కొట్టించేశావా అని. కొట్టించలేదు. ఆ తోపులో రాలిన ఆకు ఆ ఊరి పొయ్యిల్లోకి వెళుతోంది. ఈదురుగాలికి ఇళ్ళమీద ఇసుక పడకుండా వెనక వరసలు కాస్తున్నాయి. అడగకుండా నాటినదాన్ని అడగకుండా కొట్టడం రెండో తప్పు. చేసిన మంచిలో చెడు కలిసినట్టే, చెడులోనూ ఎవరి బతుకో అల్లుకుపోతుంది. ఆ చివరి రోజు నా కాగితం మీద "మొక్కలు బతికాయి, పని చెడింది" అని రాసి, నిలబడి చదివాను. గొంతు వణికింది. శాలువా కప్పించుకున్నప్పుడు కూడా అంత నిశ్శబ్దంగా ఎవరూ వినలేదు.

ఈసారి మళ్ళీ పిల్లలతో వెళుతున్నాను. కానీ ఒక కాపు అంతా ఏమీ చేయం. ఊరి ఆడవాళ్ళని అడుగుతాం. ఎన్ని అచ్చులు పైకొచ్చాయో, ఎన్ని గుడ్లు పెట్టకుండా మళ్ళాయో రాసుకుంటాం. తోపు లేని పక్క ఊరి ఒడ్డునా రాసుకుంటాం. పక్కింటి పిల్లాడన్నమాట. ముందు వరసల సంగతి ఆ తర్వాత ఊరూ, అటవీశాఖవాళ్ళూ, మేమూ కూర్చుని తేల్చుకోవాలి. "ఏమీ చేయకపోవడానికి ఇంత దూరం పోవాలా?" అని మావారు అననే అన్నారు.

పోవాలి. ఆ ముసలావిడ రెండో రోజున తోపుకి దక్షిణాన ఒక చోటు చూపించింది. "అచ్చులు అక్కడ రాసుకో టీచరమ్మా, ఇక్కడ కాదు. అవి ఇప్పుడు అటు పోతున్నాయి" అంది. నేను నోటుబుక్కు పట్టుకుని ఆవిడ వెనకాలే నడిచాను. మెతుకు ఎక్కణ్ణించి తీయాలో మా అత్తగారి తర్వాత నాకు చెప్పింది ఆవిడే.