చూడకుండా చదివిన వరుస

హ్యూస్టన్ నగరానికి నైరుతి దిక్కున షుగర్ ల్యాండ్ అనే ఊరుంది. ఆ ఊళ్లో ఒక తెలుగు కుటుంబం. ఆ ఇంటి పెద్దమ్మాయి యూనివర్సిటీలో బయాలజీ మూడో ఏడు చదువుతోంది. ఆప్టోమెట్రిస్టు కావాలని ఆమె కోరిక. అంటే కళ్లకి ఆపరేషన్లు చేసే సర్జన్ కాదు. చూపు కొలిచి, అద్దాలు రాసి, కంటి జబ్బుల్ని మొదట్లోనే పసిగట్టే మనిషి. మన దగ్గరైతే ఇంటర్ కాగానే బి.ఆప్టమ్‌లో చేరిపోవచ్చు. అమెరికాలో ముందు కాలేజీ చదువు, దాని మీద నాలుగేళ్ల ఆప్టోమెట్రీ స్కూలు. అప్పుడు గానీ ఓ.డి. పట్టా చేతికి రాదు. అలాంటి స్కూళ్లు దేశం మొత్తం మీద పాతికకి అటూ ఇటూ ఉంటాయంతే.

గుమ్మం దాటాలంటే సాధారణంగా ఓ.ఏ.టి. అనే పరీక్ష రాయాలి. బయాలజీ, జనరల్ కెమిస్ట్రీ, ఆర్గానిక్ కెమిస్ట్రీ కలిపి 100 ప్రశ్నలు, 90 నిమిషాలు. ఆపైన చదివి అర్థం చేసుకునే భాగం, లెక్కలు, ఫిజిక్సు. దంతవైద్యానికి వెళ్లేవాళ్లు రాసే డి.ఏ.టి.లో ఫిజిక్సు ఉండదు, దీన్లో ఉంటుంది. వెలుగు ఎలా వంగుతుందో తెలియనివాడు కన్ను ఏం చూస్తాడని కాబోలు.

అమ్మాయి కష్టజీవి. ప్రతి ఆదివారం ఒక నమూనా పరీక్ష రాసేది. మార్కుల చీటీ ఫ్రిజ్ తలుపు మీద అంటించేది. వారం వారం అంకె పెరుగుతుంటే వాళ్లమ్మ ఆ చీటీని ఫొటో తీసి చుట్టాల గ్రూపులో పెట్టేది. శనివారాలు మాత్రం ఊళ్లో ఒక కంటి క్లినిక్‌కి వెళ్లి, అక్కడి డాక్టరమ్మ వెనకాలే నిలబడి పని చూసేది. స్కూళ్లవాళ్లు దరఖాస్తులో ఆ గంటలెన్నో అడుగుతారు. ఆ డాక్టరమ్మ చిన్నతనంలో వియత్నాం నుంచి వచ్చి అమెరికాలోనే పెరిగింది. మాట తక్కువ, చూపు ఎక్కువ.

ఆ ఏడు తెనాలి నుంచి అమ్మమ్మ వచ్చింది, ఆర్నెల్లు ఉండి వెళ్దామని. వచ్చిన నెలకి కూతురికి అనుమానం తగిలింది. అమ్మ టీవీ ముందు కూర్చుని సీరియల్ వింటోందే తప్ప చూడటం లేదు. పోపులో ఆవాలు మాడిపోయినా వాసన వస్తే గానీ తెలియట్లేదు. "కళ్లు కనపడటం లేదా అమ్మా?" అంటే, "నాకేం, బ్రహ్మాండంగా కనపడుతున్నాయి" అని కసురుకుంది. ఎలాగో ఒప్పించి, మనవడికి స్కూలు కోసం చేయించాల్సిన కంటి పరీక్షతో పాటే ఆవిడనీ శనివారం క్లినిక్‌కి తీసుకెళ్లారు.

ముందు మనవడి వంతు. అమ్మమ్మ పక్కన స్టూలు మీద కూర్చుంది. ఎదురుగా తెర మీద అక్షరాలు. వాడు గడగడా చదివేశాడు. కింద చిన్న వరుస దగ్గరికొచ్చి "ఇ, డి, ఎఫ్, సి, జెడ్, పి" అన్నాడు. డాక్టరమ్మ "భేష్" అంది. అమ్మమ్మ తల ఊపింది.

తర్వాత ఆవిడ కుర్చీ ఎక్కింది. దుబాసీ పని మనవరాలిది. ఎడమ కన్ను మూశారు. "కనపడినంతవరకు చదవమను" అంది డాక్టరమ్మ. పై వరుస, రెండో వరుస కొంచెం తడుముకుంటూ చదివింది. మూడోదాంట్లో ఆగిపోయింది. మనవరాలు ఉండబట్టలేక, "బాగా చూడు అమ్మమ్మా, గుండ్రంగా లేదూ?" అంది. "ఆఁ, ఓ" అంది అమ్మమ్మ. చిన్న వరుస వచ్చేసరికి మాత్రం ఆవిడ గొంతు సవరించుకుని, తడబాటు లేకుండా "ఇ, డి, ఎఫ్, సి, జెడ్, పి" అనేసింది.

డాక్టరమ్మ ఏమీ అనలేదు. చేతిలో బటన్ నొక్కింది. తెర మీద అక్షరాలన్నీ మారిపోయాయి. "మళ్లీ చదవమను." అమ్మమ్మ అంతే ధైర్యంగా అంది: "ఇ, డి, ఎఫ్, సి, జెడ్, పి."

మనవడు కిసుక్కున నవ్వాడు. మనవరాలి మొహం ఎర్రబడింది.

తర్వాత ఫోరాప్టర్ అనే అద్దాల పరికరాన్ని ముందుకి లాగి, అద్దాలు తిప్పుతూ, "ఒకటి బాగుందా, రెండు బాగుందా?" అని అడగడం మొదలైంది. తెలుగులోకి మార్చి చెప్పేటప్పుడు అమ్మాయి ఒక్కోసారి "ఒకటా... రెండాఆఆ?" అని సాగదీసేది. సాగిన అంకెనే అమ్మమ్మ ఎంచుకునేది. నాలుగైదు సార్లు ఇలా జరిగాక డాక్టరమ్మ పరికరం పక్కకి జరిపేసింది.

"నాకు మీ భాష రాదు. కానీ ఆ రాగం తెలుసు. పదేళ్లప్పుడు మా అమ్మని డాక్టర్ల దగ్గరికి తీసుకెళ్లి నేనూ ఇలాగే దుబాసీగా మాట్లాడేదాన్ని. ఆవిడ తప్పు చెప్పి నవ్వులపాలవుతుందేమోనని జవాబు కూడా నేనే అందించేదాన్ని. ఇక నువ్వు అందించకు. నేను అడిగింది అడిగినట్టు అడుగు, ఆవిడ చెప్పింది చెప్పినట్టు చెప్పు" అంది.

గదిలో దీపం ఆర్పి రెటినోస్కోప్ తీసింది. అది మనిషిని ఏమీ అడగదు. సన్నటి వెలుగు గీతని కంట్లోకి పంపి, పాపలోంచి తిరిగొచ్చే నారింజరంగు మెరుపు ఎటు కదులుతుందో చూస్తే, ఏ అద్దం కావాలో రమారమి తెలిసిపోతుంది. డాక్టరమ్మ చూసి, అమ్మాయినీ చూడమంది. మెరుపు మసకగా ఉంది. మధ్యలో నల్లటి మచ్చలు. తర్వాత సన్నని కన్నాలున్న నల్లటి మూత కంటికి అడ్డంపెట్టి చదివించింది. చూపుకి తక్కువైంది అద్దమే అయితే, ఆ కన్నం చెదిరిన కిరణాల్ని ఆపేసి సూటిగా వచ్చేవాటినే పంపుతుంది కాబట్టి అక్షరం తేటపడాలి. పడలేదు. స్లిట్ ల్యాంప్ అనే కంటి మైక్రోస్కోప్ కింద చూస్తే కంటి లోపలి కటకం ముదురు పసుపు రంగుకి తిరిగి ఉంది. రెండు కళ్లలోనూ శుక్లాలు.

చివరికి మళ్లీ అద్దాలు తిప్పి అడిగితే అమ్మమ్మ భయపడుతూ, "రెండూ ఒకలాగే ఉన్నాయే, ఏం చెప్పమంటావు?" అంది. అమ్మాయి ఈసారి ఉన్నదున్నట్టు చెప్పింది. డాక్టరమ్మ మొహం విప్పారింది. "నాకు కావలసింది అదే. రెండూ ఒకేలా కనిపించే చోటికి చేరాలనే ఇన్నిసార్లు అడిగేది" అంది.

అందరూ బయటికి నడిచాక డాక్టరమ్మ ట్రయల్ బాక్సులోంచి ఒక అద్దం తీసి, అంచు మీద రాసిన గుర్తుని వేలితో మూసి, అమ్మాయికి చూపించింది. "ఇది ప్లస్సా, మైనస్సా?"

"ఎంత పవరో చెబితే ఫోకల్ లెంగ్త్ చెప్పేస్తాను."

"పవర్ సంగతి నేనడగలేదు."

అమ్మాయి అటు తిప్పింది, ఇటు తిప్పింది. కటకాల మీద ఆమె చేసిన లెక్కలు నోటుపుస్తకం నిండా ఉన్నాయి. చేతిలో అద్దం మాత్రం ఆమెకి ఏమీ చెప్పలేదు. డాక్టరమ్మ ఆ అద్దాన్ని కిటికీ ముందు చాచి పట్టుకుని మెల్లగా కుడివైపుకి జరిపింది. అద్దంలోంచి కనిపించే పార్కింగ్ దీపస్తంభం ఎడమకి జరిగింది. "ఎదురు నడిస్తే ప్లస్సు. వెంట నడిస్తే మైనస్సు. నువ్వు లెక్కల్లో వేసే కిరణాల బొమ్మలో ఉన్నదే ఇది. ఫిజిక్సులో నీకు మార్కులు ఎలా వస్తున్నాయి?"

అప్పుడు చెప్పింది అమ్మాయి. కొన్న నమూనా పేపర్లు కొన్నే. అవి అయిపోయాక మళ్లీ అవే రాస్తోంది. ప్రశ్న సగం చదవగానే జవాబు సి అని గుర్తొచ్చేస్తుంది. ఫ్రిజ్ మీద అంకె పెరుగుతున్నది అందుకే.

"అసలు పరీక్షలో వాళ్లూ బటన్ నొక్కుతారు" అంది డాక్టరమ్మ.

ఆ ఆదివారం అమ్మాయి కొత్త పేపరు తెచ్చుకుంది. ఊహించి పెట్టిన ప్రతి జవాబు పక్కనా చిన్న సున్నా చుట్టింది. అది ఒప్పయినా సరే, తప్పుకిందే లెక్కేసింది. అంకె ఢమాల్న పడిపోయింది. ఆ చీటీనే ఫ్రిజ్ మీద అంటించింది. వాళ్లమ్మ గుండె జారిపోయింది. వేసవిలో దరఖాస్తులు తెరిచే వేళకి కూతురు ఈ ఏడు వెయ్యను, పై ఏడు వేస్తానని, డిగ్రీ అయ్యాక స్కూల్లో చేరేదాకా క్లినిక్‌లోనే టెక్నీషియన్‌గా పనిచేస్తానని అనేసరికి ఇంకా నీరుకారిపోయింది.

"ఏడాది ఖాళీగానా? నలుగురికీ ఏం చెప్పను?"

మూల సోఫాలోంచి అమ్మమ్మ అందుకుంది. "నలుగురు ఏమనుకుంటారోనని నా కంట్లో పొరని నాలుగేళ్లు దాచుకున్నదాన్ని నేను. ఏం బాగుపడ్డానే? దాన్నన్నా దాచుకోనివ్వకు."

అమ్మమ్మ తెనాలి వెళ్లిపోయింది. గుంటూరులో ముందు ఒక కంటికి, కొన్ని వారాలాగి రెండో కంటికి ఆపరేషన్ చేయించుకుంది. కట్టు విప్పాక వీడియో కాల్ చేసి, మనవరాలిని తేరిపార చూసి, "ఇన్ని మొటిమలేమిటే నీ మొహాన? నేనక్కడున్నప్పుడు లేవే!" అంది.

"ఉన్నాయి అమ్మమ్మా, అప్పుడూ ఉన్నాయి" అంది మనవరాలు.

నీతి

వైద్యుడి దగ్గరా వకీలు దగ్గరా దాపరికం కూడదని పెద్దలంటారు. చదువుకునేవాళ్లు ఆ జాబితాలో నమూనా పరీక్షని కూడా చేర్చుకోవాలి. కంటి పరీక్ష మనిషిని పాస్ చెయ్యడానికి పెట్టింది కాదు. చూపు ఎక్కడ మసకబారుతోందో పట్టుకోవడానికి పెట్టింది. ఇంట్లో రాసుకునే నమూనా పరీక్ష కూడా అంతే. అక్కడ తెచ్చుకున్న అంకె ఎవరికీ చూపించేది కాదు, ఏ స్కూలూ అడిగేది కాదు. మనకి రానిదేమిటో చెప్పడం ఒక్కటే దాని పని. ఆ ఒక్క పనీ చెయ్యనివ్వకుండా దాన్ని మార్కుల చీటీగా మార్చుకుంటే, జబ్బు తెలిసే దారిని మన చేత్తో మనమే మూసుకున్నట్టు.

అంకె వదిలేసి మసక వెతికితే ఆప్టోమెట్రీ స్కూలుకి చేసే సన్నాహంలో ప్రతి మెట్టుకీ అర్థం మారిపోతుంది. స్కూళ్లు అడిగే కోర్సులు చాంతాడంత: బయాలజీ, కెమిస్ట్రీ, ఆర్గానిక్, ఫిజిక్సు, కాలిక్యులస్, స్టాటిస్టిక్సు, మైక్రోబయాలజీ, సైకాలజీ. ఏ స్కూలుకి ఏవి కావాలో మొదటి ఏడే చూసుకోవాలి, ఒకదానికీ ఒకదానికీ తేడాలుంటాయి. కానీ కోర్సు పూర్తయిందని టిక్కు పెట్టేముందు ఒక ప్రశ్న వేసుకోవాలి: ఇందులో గ్రేడు వచ్చి, విషయం రానిది ఏది? ఆప్టిక్సు పాఠం అయిపోయిందా, అయితే ఒక పాత కళ్లజోడు చేతిలోకి తీసుకుని అది ప్లస్సో మైనస్సో కిటికీ దగ్గర తేల్చుకోవాలి. క్లినిక్‌లో గడిపిన గంటలు రాసుకునే పుస్తకంలో, ఎన్ని గంటలు అన్నదాని పక్కనే ఇవాళ నాకు బోధపడనిది ఏమిటి అని ఒక గడి గీసుకోవాలి. సిఫార్సు ఉత్తరం అడిగేటప్పుడు, మనం తెలియదని ఒప్పుకుని అడిగిన ప్రశ్నలు గుర్తున్న గురువుని అడగాలి. ఆయన రాయడానికి అసలైన సంగతులుంటాయి. దరఖాస్తు ఆప్టమ్‌క్యాస్ అనే ఒకే చోట నింపితే మనం ఎంచుకున్న స్కూళ్లన్నిటికీ వెళ్తుంది. చాలా స్కూళ్లు వచ్చినవాటిని వచ్చినట్టే చూసి సీట్లు నింపుకుంటూ పోతాయి గనక ముందు వెయ్యడం మంచిదే. అయితే మసక పోగొట్టుకోకుండా ముందు వేసినందువల్ల ఒరిగేది తక్కువ.

అక్కడితో అయిపోదు. స్కూల్లో చేరాక జాతీయ బోర్డు పరీక్షలు మూడు భాగాలుగా వస్తాయి. అందులో ఒకటి చేతి పనిని కూడా పరీక్షిస్తుంది. వాటి తర్వాత కుర్చీలో కూర్చునేది మనిషి. బట్టీ పట్టిన జవాబుకి పేపర్లో ఒక మార్కు వస్తే రావచ్చు, ఆ జవాబు నమ్మి కూర్చున్న మనిషికి శుక్లం ఉండిపోతుంది. హైదరాబాదులోనో విజయవాడలోనో బి.ఆప్టమ్ చదివి ఇంటర్న్‌షిప్‌కి వెళ్లే పిల్లలకీ ఇదే వర్తిస్తుంది. తెలంగాణలో 2018లో కంటి వెలుగు మొదలైనప్పుడు, పల్లెల్లో జనం కళ్లు పరీక్షించిన బృందాల్లో ఆప్టోమెట్రిస్టులు ఉన్నారు. అలాంటి చోట వరుసలో ముందు నిలబడ్డవాళ్లు చదివింది విని అప్పజెప్పే అమ్మమ్మలు ఎందరో ఉంటారు. తన లోపాన్ని తాను దాచుకునే అలవాటున్న విద్యార్థి ఎదుటివారి దాపరికాన్ని పోల్చుకోలేడు. ఆ అలవాటు వదిలించుకున్నవాడికి అది ఇట్టే తెలుస్తుంది, పైగా అవతలివాళ్ల మీద కోపం రాదు.

కాబట్టి ఈ కథలోని నీతి ఇది: కనపడని అక్షరాన్ని కనపడలేదని చెప్పగలగడమే చూపు బాగుపడటానికి మొదటి మెట్టు. కంటి డాక్టరు కాదలచినవాళ్లు ఆ మాట రోగి చేత చెప్పించేముందు తాము చెప్పడం నేర్చుకోవాలి. అందుకు కాలేజీ రోజుల కంటే మంచి సమయం దొరకదు, ఎందుకంటే అప్పుడు తెలియదన్నా నష్టపోయేది ఒక అంకె మాత్రమే.