చేతిసంచిలో ఉద్యోగం

మొన్న ఒక ఆదివారం పూజ ముగిశాక, తాడేపల్లిగూడెంలో గుడి మెట్ల దగ్గర ఒక తల్లీ కొడుకూ నన్ను ఆపారు. "మాస్టారూ, మీరైనా వీడికి చెప్పండి" అంది తల్లి. "మీరైనా అమ్మకు చెప్పండి" అన్నాడు కొడుకు. ఇద్దరికీ చెప్పవలసింది ఒకటే కావడం వల్ల నాకు నోరు రాలేదు. ఆ రోజు చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను.

వీరిది కొల్లేటి లంక గ్రామం. తండ్రి చేపల చెరువుల మీద కూలి. అభయారణ్యం హద్దులో ఉన్న చెరువుల గట్లను 2006లో ప్రభుత్వం కొట్టించినప్పుడు ఆయన పని పోయింది. సరస్సుకు అది మేలేనని నేను ఇప్పటికీ అంటాను. కాని ఆ మేలు ఖరీదులో కొంత ఈ ఇల్లు కట్టింది. ఎనిమిదేళ్ళ కొడుకును అమ్మమ్మకు అప్పగించి తల్లి కువైట్ వెళ్ళింది. పదో తరగతి చదవని స్త్రీ ఇంటిపనికి గల్ఫ్ వెళ్ళాలంటే ముప్ఫై ఏళ్ళు నిండాలన్నది మన ప్రభుత్వ నియమం. ఆమెకు అప్పుడు ముప్ఫై ఒకటి. తిరిగివచ్చింది 2015లో. ఇంటి పనివారికి వారానికొక సెలవు, రోజుకు 12 గంటలకు మించని పని అని కువైట్ చట్టం చేసింది కూడా ఆ సంవత్సరమే. ఆమె నవ్వుతూ, "నేను వచ్చేశాక ఇచ్చారు సెలవు" అంటుంది.

కొడుకు చదువుకున్నాడు. 2020 నుంచి ఇంట్లోనే కూర్చుని కంప్యూటర్ మీద ఒక విదేశీ కంపెనీకి పని చేస్తున్నాడు. జీతం బ్యాంకులో పడుతోంది. ఇప్పుడు ఆ ఉద్యోగాన్నే చేతిసంచిలో పెట్టుకుని పోర్చుగల్ వెళతానంటున్నాడు. ఇలా దూరం నుంచి పని చేసుకునేవారికి ఆ దేశం 2022 అక్టోబరు నుంచి ప్రత్యేక వీసా ఇస్తోంది. అక్కడి కనీస వేతనానికి నాలుగు రెట్ల ఆదాయం చూపించాలి.

కుర్రవాడి సన్నాహం ముచ్చటగానే ఉంది. వేరే దేశంలో కూర్చుని పని చేయడానికి కంపెనీ ఒప్పుకున్నట్టు కాగితం తీసుకున్నాడు. ఇది చాలామంది మరచిపోతారు. పన్నుల చిక్కు ఇక్కడే మొదలవుతుంది. విదేశంలో స్థిరపడ్డాక మామూలు సేవింగ్స్ ఖాతాను ఎన్నారో ఖాతాగా మార్పించాలనీ కనుక్కున్నాడు. టూరిస్టు వీసా మీద వెళ్ళి పనిలో చేరవచ్చని చెప్పేవారి మాట వినలేదు. ఆ మాట విని గల్ఫ్‌లో చిక్కుకున్నవారు మన పల్లెల్లో ఉన్నారు గనుక మెచ్చుకోవాలి.

మరి తగవు ఎక్కడ? "కూడు లేక నేను వెళ్ళాను. వీడి కూడు ఇంటికే వస్తోంది. ఎందుకు వెళ్ళాలి?" అంటుంది తల్లి. న్యాయమైన ప్రశ్న. ఆకలితో వెళ్ళేవారిని ఎవరూ కారణం అడగరు. పునీత జోజప్ప గారు రాత్రికి రాత్రి ఐగుప్తుకు బయలుదేరితే సంజాయిషీ ఎవరడిగారు? పని కోసం కాకుండా, పనిని వెంటబెట్టుకుని వెళ్ళేవాడికి ఆ చాటు లేదు. "మీ కోసమే వెళుతున్నానమ్మా" అని అతడు అన్నాడట. అది నిజం కాదు. నాలుగు ఊళ్ళు చూడాలని ఉంది, ఇరుగుపొరుగు కళ్ళకు దూరంగా కొన్నాళ్ళు బతకాలని ఉంది. అలా ఉండటం పాపమని నేను అనుకోను. దాన్ని తల్లిదండ్రుల పేర రాయడమే తప్పు. త్యాగమని పేరు పెడితే, వద్దనే హక్కు అవతలివారికి లేకుండా పోతుంది.

తల్లి వైపు కూడా ఒక మాట ఉంది. కొడుకు అడిగాడు: "నువ్వు వెళ్ళినప్పుడు నన్ను అడిగావా?" ఆమె మాట్లాడలేదు. తొమ్మిదేళ్ళు అమ్మ లేకుండా పెరిగిన బిడ్డ తనకు బాకీ ఉన్నాడని ఆమె లెక్క; బాకీ ఆమెదేనని అతడి లెక్క. ఈ రెండు లెక్కలూ కలవవు. కలపబోతే ప్రేమ వడ్డీ వ్యాపారమవుతుంది. "నువ్వు లేకపోతే నాకు భయంగా ఉంటుంది రా" అని ఆమె ఉన్నదున్నట్టు అంటే, అతడు నిజంగా ఆలోచించవలసిన మాట అదీ.

కిందటి వారం మళ్ళీ కనిపించారు. తండ్రికి ఏలూరులో కంటి ఆపరేషన్ అయ్యాకే టిక్కెట్టు కొంటానన్నాడు కుర్రవాడు. డాక్టరు గారు తేదీ ఇంకా ఇవ్వలేదట.