అదే కారా, వేరే కారా?

సికింద్రాబాద్‌లో రాంగోపాల్‌పేట్‌ను ఆనుకున్న రాణీగంజ్ విడిభాగాల దుకాణాల్లో మారుతి 800 సామాను అడిగితే ముందు ఎదురయ్యే ప్రశ్న, "ఏ మోడల్?"

అడగాల్సిన ప్రశ్నే. 1983 డిసెంబరులో వచ్చిన తొలి బండి సుజుకి ఎస్ఎస్80 రూపం. 1986లో బాడీ అంతా మారింది. 796 సీసీ మూడు సిలిండర్ల ఇంజిన్ మాత్రం నిలిచింది. తర్వాత ముందు భాగం గుండ్రబడింది, కార్బురేటర్ పోయి, ఇంధనాన్ని ఇంజెక్టర్లతో పంపే ఎంపీఎఫ్ఐ వచ్చింది. కాలుష్య నిబంధనలతో 2010లో హైదరాబాద్ సహా 13 నగరాల్లో అమ్మకం ఆగింది. 2014 జనవరిలో తయారీయే ఆగిపోయింది.

మూడు దశాబ్దాలు ఒకే పేరు. అది దేన్ని పట్టుకుని నిలిచింది?

బౌద్ధ గ్రంథం మిళిందపన్హలో భిక్షువు నాగసేనుడు రథాన్ని విడదీసి చూపాడు. చక్రం రథం కాదు, ఇరుసూ కాదు. అన్నీ కూడితే వాడుకకు పెట్టుకున్న పేరే రథం. మనిషీ అంతే. అద్వైతులు 'ఆ దేవదత్తుడే ఇతడు' అన్న ఉదాహరణ చూపిస్తారు: అప్పుడు-ఇప్పుడు, అక్కడ-ఇక్కడ అన్న తేడాలు తీసేస్తే మిగిలేవాడు ఒక్కడే.

కారు విషయంలో బౌద్ధులదే పైచేయి. విడిభాగాలన్నీ అరల్లో సర్దేశాక 'మారుతితనం' అంటూ ఏమీ మిగలదు. మనిషి అలా లొంగడు. తన బాల్యాన్ని తనదిగా గుర్తుపడతాడు. నాగసేనుడు దానికీ జవాబిచ్చాడు: తొలిజాము దీపజ్వాల, తెల్లవారుజాము జ్వాల ఒకటీ కావు, వేరూ కావు. ఆ గుర్తుపట్టేది ఎవరన్న అద్వైతుల ప్రశ్న మాత్రం అక్కడితో తీరలేదు.